కెమెరా బ్యాగుకు ప్రస్థానం

విదేశాలకు కెమెరాలు మోసుకుపోవడం గురించి నన్నడిగితే గంటసేపు ఆపకుండా చెబుతాను. బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో వెయ్యకండి, చేతి బ్యాగులోనే ఉండాలి, కొసలకు టేపు అంటించండి. మెమరీ కార్డులు కెమెరాతో కలిపి ఉంచకండి, ఒంటి మీదే ఉంచుకోండి. పోయేటప్పుడే ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్లకు సామాను చూపించి, సీరియల్ నంబర్లతో సర్టిఫికెట్ రాయించుకోండి. లేకపోతే తిరిగి వచ్చిన రోజు, మీ సొంత లెన్సునే బయట కొనుక్కొచ్చారనుకుని సుంకం కట్టమంటే మీ దగ్గర జవాబుండదు. బ్యాగు పాతది, రంగు వెలిసినది అయితే ఇంకా మంచిది. కంపెనీ పేరు మెరుస్తూ ఉన్న బ్యాగు వేసుకుని తిరిగితే దొంగను బొట్టు పెట్టి పిలిచినట్టే. అన్నిటికంటే ముఖ్యం, బ్యాగును ఒక్క నిమిషం కూడా కంటికి దూరం చెయ్యకండి.

ఇంత చెప్పే నేను, మొదటిసారి బయలుదేరినప్పుడు నా బ్యాగు ఎక్కడెక్కడ తిరిగి వచ్చిందో మాత్రం మా వీధి బయట ఎవరికీ చెప్పలేదు.

నేను పెళ్ళి ఫోటోలు తీస్తాను. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో వెనక సందులో, మేడ మీద ఒక గదిలో సగం నా స్టూడియో. మిగతా సగంలో ఒక టైలరమ్మ జాకెట్లు కుడుతుంది. ఉండేది వనస్థలిపురంలో, మా ఆయనతో, అత్తమ్మతో. మామయ్య ఆర్టీసీలో డ్రైవరుగా చేసి, రిటైరైన కొన్నాళ్లకే పోయారు. అత్తమ్మకు నా కెమెరాల మీద కోపమేమీ లేదు. లెక్కే లేదు, అంతే. చుట్టాలెవరైనా "నీ కోడలు ఏం చేస్తది?" అని అడిగితే "ఇంట్లనే ఉంటది, జర ఫోటోల సోకున్నది" అనేది. ఆరేళ్లు ఎండనకా వాననకా ఫంక్షన్ హాళ్ల చుట్టూ తిరిగి, నడుము నొప్పి తెచ్చుకుని, ఇంటి సరుకుల్లో సగం నేనే తెస్తున్నా అది సోకే. మొదట్లో పోట్లాడాను. తర్వాత విసుగొచ్చి వదిలేశాను.

అలాంటి నాకు ఒక మధ్యాహ్నం ఫోనొచ్చింది. ఎల్‌బీ నగర్‌లో ఒకప్పుడు పొలాలుండి, ఇప్పుడు ప్లాట్లున్న కుటుంబం వాళ్లది. వాళ్లమ్మాయి హాఫ్‌శారీ ఫంక్షన్‌కు ఫోటోలు తీసింది నేనే, నా మొదటి ఏడాదిలో. ఇప్పుడా పిల్లే ఫోన్ చేసింది.

"అక్కా, నా పెళ్ళి థాయిలాండ్‌ల. సముద్రం ఒడ్డున. ఫోటోలు నువ్వే తీయాలె. మా డాడీ ఇంకెవరినో పెడ్త అంటే నేను ఒప్పుకోలె."

నేను పెట్టిన కేకకు టైలరమ్మ కుట్టు ఆపేసి, ఎవరు పోయారోనని పరుగెత్తుకొచ్చింది. ఆమెను పట్టుకుని గిరగిరా తిప్పాను. అంతవరకూ నేను చూసిన సముద్రం విశాఖపట్నంలో, అదీ ఇంటర్ చదివేటప్పుడు. విమానం ఎక్కిందే లేదు. పైగా ఇదివరకటి పెద్ద పెళ్ళిళ్లన్నిటిలో నేను ఎవరో ఒకరి వెనక రెండో కెమెరానే. ఆడవాళ్ల గదిలోకి, గోరింటాకు దగ్గరికి పంపించడానికి పనికొచ్చే అమ్మాయిని. ఈసారి ముందు కెమెరా నాది.

ఆ నెల రోజులూ నేను నేల మీద నడవలేదు. రాత్రనక పగలనక వీడియోలు చూశాను, రాసుకున్నాను. ఒక కాగితం మీద రెండు కెమెరాలు, నాలుగు లెన్సులు, రెండు ఫ్లాషులు, అన్నిటి నంబర్లూ దించుకున్నాను. మెట్రోలో చైతన్యపురికి పోయి, బ్యాగులు బాగుచేసే ఆయన దగ్గర నా పాత నల్ల బ్యాగుకు కొత్త జిప్పు వేయించాను. "గింత పాతదానికి ఎందుకమ్మా, కొత్తది తీస్కో" అన్నాడు. "పాతదే కావాలె భయ్యా, దొంగలు చూడొద్దు" అంటే నన్ను అదోలా చూశాడు. విమానంలో చేతి బ్యాగు ఏడు కిలోలే ఉండాలట. మా వీధిలో కిరాణా కొట్టు తరాజు మీద పెడితే ఏడు కిలోల మూడొందలు. పెద్ద లెన్సు తీసి జాకెట్ జేబులో వేసుకోవాలని తీర్మానించి, ఆ ఎండల్లో జాకెట్ వేసుకుని ఇంట్లో నాలుగడుగులు నడిచి కూడా చూశాను. మా ఆయన నవ్వీ నవ్వీ కుర్చీలోంచి జారిపడ్డాడు.

బాగానే ఉంది. ప్రయాణం మంగళవారం అని తెలిసేదాకా.

"మంగళారం నాడు ఇల్లు దాటుడేంది?" అంది అత్తమ్మ.

"టికెట్లు పెళ్ళోళ్లు తీసిన్రు అత్తమ్మా. విమానానికి వారాలు తెల్వవు."

"దానికి తెల్వకపోతే మనకు తెల్వదా? ఆదివారం పొద్దుగాల మంచిగున్నది. ప్రస్థానం పెడ్త."

ప్రస్థానం అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. బయలుదేరాల్సిన రోజు మంచిది కానప్పుడు, ముందే ఒక మంచి ఘడియ చూసి, మన సామానులో ఒకటి పోయే దిక్కున ఉన్న వేరే ఇంట్లో పెట్టి వస్తారు. ప్రయాణం అప్పుడే మొదలైనట్టు లెక్క. అసలు రోజున మనిషి పోయి, దాన్ని అక్కడి నుంచే తీసుకుని వెళ్లాలి. ఒకసారి గడప దాటిన సామాను తిరిగి గడప లోపలికి రాకూడదు. వస్తే ప్రయాణం చెడినట్టే. నాకివన్నీ పెద్దగా పట్టవు. బట్టల పెట్టె పోయి పక్కింట్లో రెండు రోజులు కూర్చుంటే నాకేం నష్టం? "సరే, పెట్టున్రి" అన్నాను.

ఆదివారం పొద్దున ఒక ఆల్బం ఇచ్చేదుండి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి, మధ్యాహ్నానికి వచ్చాను. బట్టల పెట్టె మంచం కింద ఎలా ఉన్నది అలాగే ఉంది. బీరువా తెరిచాను. కెమెరా బ్యాగు లేదు.

"అత్తమ్మా! నా బ్యాగేది?"

ఆమె కూర తరుగుతూ తలెత్తకుండా చెప్పింది. "ప్రస్థానం పెట్టిన. తూర్పు దిక్కు సార్ వాళ్లింట్ల."

సార్ వాళ్లంటే మా వీధి చివర ఉండే రిటైర్డ్ టీచరు దంపతులు. విజయవాడ నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు. మంచివాళ్లే. కానీ నా ఆరేళ్ల సంపాదన ఆ బ్యాగులో ఉంది. నెల రోజులుగా నేను వల్లె వేస్తున్న మొదటి పాఠం బ్యాగును కంటికి దూరం చెయ్యొద్దని. థాయిలాండ్ దాకా ఎందుకు, వనస్థలిపురంలోనే చేజారింది.

నాకు కోపమొస్తే నోటికి అడ్డూ ఆపూ ఉండదు. ఆ రోజు అనకూడని మాటే అన్నాను. "మీకు నా పని అంటే ఎప్పుడు ఇష్టం లేకుండె. ఇది ఆగిపోవాల్నని గిట్ల చేసిన్రు." అత్తమ్మ కత్తిపీట పక్కన పెట్టి నా వైపు చూసింది. మళ్లీ వంకాయ అందుకుంది.

సార్ వాళ్లింటికి ఉరికాను. బ్యాగు వాళ్ల దేవుడి గదిలో పీట మీద ఉంది. జిప్పు పక్కన కుంకుమ బొట్టు. తెరిచి అన్నీ చూసుకున్నాను. ఒక్కటీ కదల్లేదు. ఎత్తుకుని వచ్చేద్దామని భుజానికి తగిలించుకున్నాను కూడా. ఆంటీ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"అమ్మాయ్, ఆవిడ అంత నిష్ఠగా పెట్టి వెళ్లారు. రెండు రోజులు ఓపిక పట్టలేవూ? ఇక్కడేం కాదు, నేను కనిపెట్టుకుని ఉంటాను."

నిజం ఒప్పుకోవాలంటే, నన్నాపింది ఆంటీ కాదు. నా భయమే. ఇంటికి తీసుకుపోయాక ఎల్లుండి విమానం తప్పిపోతే? ఇసకలో లెన్సు పడిపోతే? అప్పుడు ఈ ప్రస్థానమే గుర్తొస్తుంది. నమ్మకం లేదన్న మనిషినే, అయినా బ్యాగు దించేశాను. బ్యాటరీలకు ఛార్జింగ్ పెట్టాలి మరి, ఎలా? వాటిని ఇంటికి తేవచ్చా అని ఫోన్ చేసి అడిగితే అత్తమ్మ "ఏం కావాల్నో ఆడనే చేస్కో" అంది. ఆరు బ్యాటరీలూ సార్ వాళ్ల వంటింట్లో మిక్సీ పక్కన ఎర్ర దీపాలు వెలిగించుకుని కూర్చున్నాయి. అవి పేలవు కదా అని ఆంటీ నాలుగుసార్లు అడిగింది. రాత్రికి అవి నిండాక మళ్లీ బ్యాగులో సర్దేసి వచ్చాను.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లాను. నంబర్ల కాగితం ప్రింటు తీయించాలి, వర్షం కవర్లు కొనాలి, టైలరమ్మకు స్టూడియో తాళం ఇవ్వాలి. రేపు ఈపాటికి ఎయిర్‌పోర్టు దారిలో ఉంటానని మెట్రోలో పక్కనున్న ముక్కూ మొహం తెలియని ఆవిడకు కూడా చెప్పాను. ఒంటిగంటకు తిరిగొచ్చి, నేరుగా సార్ వాళ్లింటికే పోయాను.

గేటుకు తాళం.

బెల్లు కొట్టాను, గేటు ఊపాను, ఫోన్ చేశాను. అంకుల్ ఫోన్ బిజీ. ఆంటీ ఫోన్ బిజీ. ఎదురింటాయన బాల్కనీలోంచి తొంగిచూసి చెప్పాడు. "పొద్దుగాలనే పోయిన్రమ్మా. బిడ్డకు నొప్పులొచ్చినయట, విజయవాడకు. ఆటో ఎక్కి ఎల్‌బీ నగర్ పోయిన్రు."

"వాళ్ల చేతిల బ్యాగులున్నయా? నల్లది?"

"నల్లది ఒకటున్నట్టే ఉండె."

ఇంటికి పరుగెత్తాను. తాళం వేసి ఉంది. నా తాళంచెవితో తీశాను. అత్తమ్మ లేదు. ఫోన్ చేస్తే వంటింటి గట్టు మీద మోగింది. గుడికి పోయిందేమో అనుకున్నాను. ఆలోచించే తీరిక లేదు. సార్ వాళ్లు తొందర్లో వాళ్ల సామానుతో పాటు నా బ్యాగు కూడా ఎత్తుకుపోయారని నా బుర్రలో గట్టిగా పడిపోయింది. వీధి మలుపులో ఇస్త్రీ బండి, ఆరేసిన దుప్పట్లు, అన్నీ దాటుకుంటూ మెయిన్ రోడ్డుకు ఉరికి ఆటో ఎక్కాను. "ఎల్‌బీ నగర్, జల్ది అన్నా!"

విజయవాడ బస్సులు ఆగే చోట ఎంత గోలో అక్కడ నిలబడ్డవాళ్లకే తెలుస్తుంది. ఫ్లైఓవర్ నీడలో మనుషులు, మూటలు, ట్రావెల్స్ వాళ్ల కేకలు. "విజయవాడ, గుంటూరు, ఒంగోలు!" ప్రతి బస్సూ ఎక్కి, సీటు సీటూ చూసి దిగాను. ఒక కండక్టర్ "టికెట్ లేకుండా ఎన్ని బస్సులెక్కుతవమ్మా?" అన్నాడు. వాళ్లు పొద్దున్నే పోయారని తెలుసు, అయినా వెతికాను. నిలబడి ఉంటే ఏడుపొచ్చేలా ఉంది. రేపు నేను థాయిలాండ్ పోతాను, టికెట్ ఉంది కదా. ఏం పెట్టుకుని పోతాను? పెళ్ళికూతురు తండ్రితో పోట్లాడి నన్ను పెట్టుకుంది. ఆ పిల్ల ముందు ఫోన్‌తో ఫోటోలు తీసే చుట్టంలా నిలబడాలా? ఇంకొకరి దగ్గర కెమెరా కిరాయికి తెచ్చినా, చేతికి అలవాటు లేని కెమెరాతో ముహూర్తం వేళ తడుముకోవాలా? జీలకర్ర బెల్లం రెండోసారి పెట్టరు.

పదిహేనోసారికో ఇరవయ్యోసారికో అంకుల్ ఫోనెత్తారు.

"మనవరాలు పుట్టిందమ్మా!"

"సంతోషం అంకుల్. నా బ్యాగు?"

"బ్యాగా? అది మీ అత్తగారి చేతికే ఇచ్చి వచ్చాం కదమ్మా. ఇల్లు తాళం పెడుతున్నామని చెబితే ఆవిడే వచ్చి తీసుకున్నారు. మీ ఇంట్లోకి మాత్రం తీసుకెళ్లనన్నారు. మా మేడ మీద అద్దెకుండే అమ్మాయిలు ఆఫీసు నుంచి సాయంత్రం ఆరింటికి వస్తారు, వాళ్ల గదిలో పెడతానన్నారు."

ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఇంకో భయం. ఆరింటిదాకా, ఇంట్లోకి పోకుండా, ఆ బ్యాగుతో ఈమె ఎక్కడుంది?

ఆటో మా వీధి మలుపులో దిగేసరికి మూడున్నర. ఇస్త్రీ బండామె నన్ను చూసి, ఎండకు అడ్డంగా కట్టిన దుప్పటి పక్కకు తీసింది. "ఒచ్చిందమ్మా నీ కోడలు."

దుప్పటి వెనక, బొగ్గుల వేడి పక్కన, ఒక స్టూలు మీద అత్తమ్మ కూర్చుని ఉంది. బ్యాగు ఒళ్లో ఉంది. పట్టీ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుంది. మొహమంతా చెమట. నేను మధ్యాహ్నం ఆ దుప్పటిని రాసుకుంటూ పరుగెత్తి పోయాను.

"పొద్దుగాల పదింటి సంది గిట్లనే కూసున్నది" అంది ఇస్త్రీ ఆమె. "నేను పట్టుకుంట, పోయి ఇంత తినిరా అంటే ఇనది. చాయ్ తాగుమంటే, మీద పడితె ఖరాబైతదంట, చాయ్ సుత తాగలె. నువ్వు ఉరుకుతుంటే పిలిచినం, నీకు ఇనబడలె."

నేను ఆమె ముందు నేల మీదే కూలబడ్డాను. ఆదివారం నేనన్న మాట గుర్తొచ్చింది. "తప్పయింది అత్తమ్మా" అన్నాను. ఆమె వినిపించుకున్నట్టు లేదు. మణికట్టు నుంచి పట్టీ విప్పుతోంది. పట్టీ అచ్చు చర్మం మీద ఎర్రగా పడింది.

"అయినా గీ బ్యాగే ఎందుకు పెట్టిన్రు?" అన్నాను, మాట మార్చడానికి. "నా బట్టల పెట్టె పెడ్తె అయిపోయేది కదా. గింత కష్టం ఉండకపోవు."

ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది.

"ఎవరు ఏ పనికి పోతే ఆ పని సామానే పెట్టాలె. మీ మామ మొదటిసారి డ్యూటీ ఎక్కే ముంగట ఖాకీ బట్టలు పెట్టిన. నీకు చీరెల పెట్టె పెట్టుడేంది? నువ్వు చీరెలు కట్టనీకి పోతున్నవా?"

నాకు కళ్ల నీళ్లు తిరిగాయి. ఆరేళ్లుగా ఈ మనిషి నోట ఏ మాట వినాలని పోట్లాడానో, ఆ మాట ఇస్త్రీ బండి పక్కన, వంకాయ తరిగినంత మామూలుగా వచ్చేసింది. ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశాను. ఆమె బ్యాగు నా ఒళ్లో పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది.

"కూసో ఈడ. లేవకు. నేను పోయి ఇంత తినొస్త, పానం గుంజుతున్నది."

ఆరింటిదాకా నేనా స్టూలు మీద కూర్చున్నాను. దారినపోయేవాళ్లంతా పలకరించారు. ప్రతి ఒక్కరికీ కథ మొదటి నుంచి చెప్పాను. మేడ మీద అమ్మాయిలు వచ్చాక బ్యాగును వాళ్ల గదిలో పెట్టాం. అత్తమ్మ వాళ్లకు అప్పగింతలు పెట్టింది. కిటికీ ముయ్యాలి, నీళ్ల బాటిల్ దగ్గర పెట్టొద్దు, ఎవరొచ్చినా తియ్యొద్దు. నా కాగితంలో ఉన్నవాటికంటే రెండు ఎక్కువే చెప్పింది.

మంగళవారం పది గంటలకు కారొచ్చింది. నేను కుడికాలు పెట్టి గడప దాటి, నడిచి సార్ వాళ్లింటి దాకా పోయాను. అక్కడ మేడ దిగి వచ్చిన బ్యాగును భుజానికి తగిలించుకున్నాను. పెద్ద లెన్సు జాకెట్ జేబులో బరువుగా వేలాడుతోంది. ఎండ మాడుస్తోంది, నాకేమో ఎగిరి గంతెయ్యాలనుంది. అత్తమ్మ నా వెనకే వచ్చి కారు పక్కన నిలబడింది.

డ్రైవరు బట్టల పెట్టె డిక్కీలో పెడుతూ అడిగాడు. "టూరా మేడమ్? ఒక్కరే పోతున్నారా, ఫ్యామిలీ రావట్లేదా?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ అందుకుంది.

"టూర్ కాదు బిడ్డా. నా కోడలు డ్యూటీ మీద పోతున్నది."

కారు కదిలింది. ఏసీ పెంచాలా అని డ్రైవరు అడుగుతుంటే, నేను బ్యాగు ఒళ్లో పెట్టుకుని, పట్టీ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాను.